ఆకు వాడకముందే

"ఆగు. కాగితం ఇంకా మెరుస్తోంది. ఆ మెరుపు చావనీ."

కుంచె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కుంచె కొనన ఎర్ర రంగు బొట్టు కట్టి, ఇప్పుడో ఇంకాసేపటికో జారేలా ఉంది. బల్ల మీద, జిగురు పట్టీలతో చెక్క పలకకు బిగించిన మందపాటి కాగితం. దాని మీద తడితడిగా పసుపుపచ్చని ఆకు. పక్కనే, తడిపి పిండిన పాత గుడ్డ మీద అసలు ఆకు.

"ఇప్పుడా?" అంది ఆమె.

"ఇంకా కాదు."

"మెడ పట్టేస్తోందండీ."

"మెడదేముంది, కాస్త నూనె రాసుకుంటే పోతుంది. కాగితం ఆరిపోతే మళ్ళీ రాదు. ఆఁ, ఇప్పుడు! తొడిమ దగ్గర. తాకించి వదిలెయ్. రుద్దకు. రుద్దకు అంటున్నానా!"

ఎరుపు పసుపులోకి పాకింది. ఎక్కడ ఆగాలో దానికే తెలిసినట్టు ఈనె దాకా వెళ్ళి ఆగింది. కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చున్న మనిషి మెడ సాచి చూసి, "ఊఁ" అన్నారు. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంతకు మించి ఉండదు.

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. వీధి మొత్తానికి మాస్టారే. కుంచె పట్టుకున్నది ఆయన భార్య. ఆమెకు రెండు పేర్లు. ఈ మెట్ల మీద, ఈ వీధిలో మాస్టారి భార్య. మార్కెట్టు అవతల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కత్తెరక్క. అక్కడ దొంతరగా పేర్చిన బట్టను ఒక్క ఊపున కత్తిరించేది ఆమే. "మా అక్క కత్తెర వేసిందంటే, జరిగితే సుద్ద గీత జరగాలి గానీ కత్తెర జరగదు" అని గుండీలు కుట్టే ఆవిడ నవ్వించేది. ఆ గుండీలావిడ పక్కనే కూర్చుని అన్నం తినడం, మిషన్ల రొదలో అరిచి అరిచి మాట్లాడుకోవడం, సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం, ఇవన్నీ కత్తెరక్కకు ఇష్టంగా ఉండేవి.

చలికాలం చివర్లో ఒకరోజు పొద్దున మాస్టారు పళ్ళు తోముకుంటూ తోముకుంటూ కూలబడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మొదట ముద్దముద్దగా వచ్చేది, పోనుపోను తేరుకుంది. "అన్నయ్యకు మాటలన్నీ తిరిగి రాలేదు వదినా, ఆజ్ఞలు మాత్రం వచ్చేశాయి" అని ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. పిల్లలు లేరు. కత్తెరక్క పనికి సెలవు పెట్టింది. ఆ సెలవు అలాగే సాగిపోయింది. కార్ఖానా వాళ్ళు మరొకావిడ చేతికి కత్తెర ఇచ్చారు.

లిఫ్టు లేని భవనం. వాళ్ళది పైఅంతస్తు. ఆయన కిందికి దిగలేరు, ఆమె ఆయనను వదిలి దిగలేదు. కుర్చీ పక్కన స్టీలు గ్లాసు, చెంచా ఉండేవి. ఏం కావాలన్నా ఆయన ఎడమ చేత్తో చెంచా తీసి గ్లాసు మీద కొట్టేవారు. టంగ్, టంగ్. వంటింట్లో ఉన్నా వినిపించేది, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడులోనూ వినిపించేది. కొన్నాళ్ళకు ఆయన కొట్టకపోయినా వినిపించడం మొదలైంది. తల మీద నీళ్ళు పోసుకుంటూ పోసుకుంటూ ఆపి, చెవి రిక్కించి, ఏమీ లేదని తెలిశాక మళ్ళీ చెంబు ముంచుకునేది.

మాస్టారు జబ్బు పడేనాటికి ఒక పుస్తకం పనిలో ఉన్నారు. రంగు మారి రాలిపోయే ఆకుల బొమ్మలు, అన్నీ నీటిరంగుల్లో. ఆకురాలు కాలం వచ్చినప్పుడల్లా కొన్ని కొన్ని వేస్తూ ఏళ్ళ తరబడి పోగుచేశారు. ఇంకాసిని మిగిలాయి. వేసవిలో ఎడమ చేత్తో ప్రయత్నించారు. రంగు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడింది. కాగితం నలిపి గోడకేసి కొట్టి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వీధిలో చెట్లకు మొదటి పసుపు రంగు తిరిగిన రోజు ఆమెను పిలిచారు.

"నీ చెయ్యి వణకదు. రంగు నేను చెబుతా, నువ్వు పెట్టు."

"నాకు గీత తెలుసు గానీ రంగు తెలీదండీ."

"తెలీకపోవడమే మంచిది. తెలిస్తే నా మాట వినవు."

ఎన్నాళ్ళుంటుందిలే, ఆకులు రాలిపోయేదాకానేగా అనుకుంది ఆమె. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత కాస్త కళ కనిపించింది. కాదనబుద్ధి కాలేదు.

కానీ ఆ పని ఆమె అనుకున్నట్టు లేదు. గాలి తగిలితే కాగితం ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఆరుతుందని కిటికీ మూయించారు. ఎండ నేరుగా పడితే రంగు మోసం చేస్తుందని తెర వేయించారు. ఫ్యాను వద్దు. ఆ మూసిన గదిలో, జిగురు వాసనలో, ఆయన కళ్ళు తన వేళ్ళ మీదే ఉండగా ఆమె కూర్చునేది. నీళ్ళు ఎక్కువయ్యాయంటే గుడ్డతో అద్దాలి. తక్కువయ్యాయంటే పలక వంచాలి. సగం ఆరిన రంగులో ఒక్క నీటి చుక్క పడిందా, అది రంగును వెనక్కి నెట్టి గోబీపువ్వులా విచ్చుకుంటుంది, ఆ కాగితం పనికిరాదు. ఊపిరి బిగబట్టి కుంచె దించేది. ఆయన "ఎత్తు" అన్నాకే ఊపిరి వదిలేది. కార్ఖానాలో పొద్దంతా నిలబడి కత్తిరించినా ఇంత అలసట ఎరగదు.

ఆ పనిలో ఒక్కటే మేలు. రోజూ కొత్త ఆకు కావాలి. తెచ్చిన ఆకు మధ్యాహ్నానికల్లా అంచులు ముడుచుకుని, రంగు మాసిపోతుంది. "వాడిన ఆకును చూసి వేస్తే వాడిన బొమ్మే వస్తుంది" అనేవారు మాస్టారు. ఎవరినో పంపితే పురుగు తిన్నదో చిరిగినదో తెస్తారని ఆమెనే వెళ్ళమనేవారు. అలా పొద్దున్నే, ఆయనకు ముఖం కడిగి, టిఫిను తినిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మెట్లు దిగేది.

మొదట్లో వీధి చివరిదాకానే. వీధిలో చెట్లన్నీ ఒకటే జాతి. గుండె ఆకారపు ఆకులు, పచ్చివి కాస్తా పసుపెక్కి రాలేవి. వంగి ఒకటి తీసుకుని, వెలుగుకు ఎత్తి చూసి, తడిగుడ్డలో చుట్టి, వెంటనే వెనక్కి తిరిగేది. తర్వాత్తర్వాత కాళ్ళు వాటంతటవే ఇంకాస్త ముందుకు పోవడం మొదలుపెట్టాయి. మూల మీది చెప్పుల కొట్టు దాకా. అక్కడి నుంచి పోస్టాఫీసు దాకా. ఒకరోజు మార్కెట్టు దాటి కార్ఖానా గేటు ముందు నిలబడి ఉంది. తనను ఎవరో తీసుకొచ్చి అక్కడ దింపినట్టు అనిపించింది.

మిషన్ల రొద గేటు బయటికే వినిపిస్తోంది. గుండీలావిడ కిటికీలోంచి చూసి కేకేసింది.

"ఓయమ్మో, కత్తెరక్కా! బతికే ఉన్నావా? అక్కడ నిలబడతావేం బంధువులా, లోపలికి రా!"

"ఇప్పుడే వెళ్ళాలే. ఆకు కోసం వచ్చాను."

"ఆకా? వంటకా?"

"బొమ్మకు."

గుండీలావిడకు అర్థం కాలేదు గానీ నవ్వింది. లోపలికి లాక్కెళ్ళి టీ చేతిలో పెట్టింది. కత్తెర బల్ల దగ్గర కొత్తావిడ బట్ట దొంతరతో కుస్తీ పడుతోంది. అడుగు పొరలు జారిపోతున్నాయి. "అలా కాదమ్మా, ఎడమ అరచేతితో అదిమి పట్టాలి" అంటూ కత్తెరక్క వెళ్ళి కత్తెర అందుకుంది. ఇనుము చల్లగా అరచేతిలో సర్దుకుంది. కర్ కర్ మని బట్ట విడిపోతుంటే ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఎత్తు అనేవాళ్ళు లేరు, ఆగు అనేవాళ్ళు లేరు. గీత చివరిదాకా వెళ్ళి తనంతట తనే ఆగింది.

పెరట్లో ఒక పెద్ద చెట్టు ఉంది. దాని ఆకు వేరు. వేళ్ళు చాపిన చెయ్యిలా అయిదు పాయలుగా చీలి, నడుమ నారింజ, కొసలకు వచ్చేసరికి నెత్తురంత ఎరుపు. హడావుడిగా ఒకటి ఏరుకుని, దాదాపు పరుగున ఇంటికొచ్చింది.

"ఇంతసేపా?" అన్నారు మాస్టారు.

"అన్నీ పురుగు తిన్నవేనండీ. వెతకాల్సొచ్చింది."

గుడ్డ విప్పి ఆకును బల్ల మీద పరిచింది. పరిచాక గానీ తట్టలేదు. పసుపు ఆకుల వీధిలోకి ఎర్ర ఆకును తెచ్చింది. ఊళ్ళో చెట్లన్నీ పేరుపేరునా తెలిసిన మనిషి ముందు పెట్టింది.

మాస్టారు ఆ ఆకు వంక చాలాసేపు చూశారు. "ఇది మన వీధిది కాదు" అన్నారు.

ఆమె నీళ్ళు నమిలింది. "కొంచెం అటు పక్కకి వెళ్ళాను."

"మార్కెట్టు అవతల కార్ఖానా పెరట్లో తప్ప ఇంకెక్కడా ఈ చెట్టు లేదు. బడి పిల్లలను తీసుకెళ్ళి చూపించేవాణ్ణి."  ఆమె తిట్లకు సిద్ధపడింది. "బాగుంది. కాగితం తడుపు. వాడిపోకముందే పట్టాలి" అన్నారు.

ఆ రోజు బొమ్మ కుదిరింది. నారింజ రంగు ఎరుపులోకి ఎక్కడ మారిందో తెలియనంతగా కలిసిపోయింది. ఆయన "ఊఁ" అని, కాసేపాగి మరోసారి "ఊఁ" అన్నారు. "రేపు కూడా అక్కడి నుంచే తే" అని కూడా అన్నారు.

ఆమెకు అర్థం కాలేదు. వదిలేశారా, పట్టేశారా? అడిగే ధైర్యం లేక, మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. కార్ఖానాలో కాసేపు కత్తెర పట్టడం, పెరట్లో ఆకు ఏరుకోవడం, పరుగున రావడం. తలుపు తీసేసరికి ఆయన కళ్ళు గోడ గడియారం మీద నుంచి ఆమె మీదికి తిరిగేవి. ఒక్క మాట అనేవారు కాదు. ఆకు అందుకుని, తొడిమ తిప్పి చూసి, "ఏరి చాలా సేపయింది" అనేవారు. తొడిమ చివర ఎంత నల్లబడిందో చూసి, ఆమె ఎంతసేపు బయట ఉందో పసిగట్టేవారు. ఇక ఆమె వచ్చేముందు, ఆఖరి క్షణంలో ఆకు ఏరడం నేర్చుకుంది. దానికి ఆమెకే సిగ్గేసింది. ఈ వయసులో, కట్టుకున్న మొగుడి దగ్గర, బడి ఎగ్గొట్టిన పిల్లలా ఈ దొంగ లెక్కలేమిటి?

సెలవులయ్యాక బళ్ళు మళ్ళీ తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. కార్ఖానాలో పని కుప్ప పడింది. కొత్తావిడ జ్వరంతో రాలేదు. "ఒక్క దొంతర అక్కా, ఒక్కటే. లేకపోతే యజమాని మమ్మల్నందరినీ నమిలేస్తాడు" అని గుండీలావిడ బతిమాలింది. ఒక్కటి కాస్తా ఇంకొకటైంది. కత్తెర సాగుతుంటే కత్తెరక్క గడియారం మాట మరిచిపోయింది. తలెత్తి చూసేసరికి అందరూ అన్నాల గిన్నెలు విప్పుతున్నారు.  ఆకు సంగతి గుర్తే లేదు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరిగెత్తింది.

మెట్లు ఎక్కుతుంటేనే తెలిసింది, ఏదో జరిగిందని. గ్లాసు చప్పుడు లేదు. తలుపు తీసింది. పేము కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ తెర ఒకవైపు ఊడి వేలాడుతోంది. దాని కింద మాస్టారు నేల మీద పక్కకు ఒరిగి పడి ఉన్నారు. కుంచెలు కడిగే నీళ్ళ జాడీ పగిలి, గోధుమరంగు నీళ్ళు చొక్కా అంతా తడిపేశాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏమండీ! ఏమండీ!"  లేపబోయింది, లేపలేకపోయింది. కింది అంతస్తులో ఉండే రిటైరైన నర్సమ్మను కేకేసింది. ఆవిడ వగరుస్తూ వచ్చి, చంకల కింద చేతులు వేసి, "నువ్వు కాళ్ళు పట్టు, నడుము వంచకు" అంది. ఇద్దరూ కలిసి ఆయనను మంచం మీదికి చేర్చారు. ఎముకలు విరగలేదు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

నర్సమ్మ వెళ్ళాక కత్తెరక్క తడి చొక్కా విప్పుతూ ముఖం చూడలేక తల వంచుకుంది. ఆయన ఒంటికాలి మీద లేస్తారనుకుంది. లేచినా బాగుండేది.

"కిటికీలోంచి వీధి కనిపిస్తుందేమోనని లేచాను" అన్నారు మాస్టారు మెల్లిగా. "నువ్వు ఇక రావేమో అనుకున్నా."

  ఆ మాటను దాటుకుని మళ్ళీ గడప దాటడం తన వల్ల కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మర్నాడు ఆడపడుచు దిగింది. మనిషి మంచిది. కన్నీళ్ళు, పళ్ళ సంచులు, పథకాలు అన్నీ వెంట తెచ్చుకుంది.

"వదినా, నిన్నేమీ అనడం లేదు. కానీ అన్నయ్యను ఒంటరిగా వదిలేసి ఆకులేరడానికి ఊరంతా తిరగడమేమిటి చెప్పు? మా ఇంటి దగ్గర పార్కు నిండా ఆకులే. మా డ్రైవరు ఎటూ ఇటు పక్కనే తిరుగుతాడు. రోజూ తడిగుడ్డలో చుట్టి పంపిస్తాను. కూరగాయలూ అవీ కూడా. నువ్వు కాలు బయట పెట్టక్కర్లేదు."

"నీకెందుకమ్మా శ్రమ..." అంది కత్తెరక్క. గొంతు ఆమెకే వినపడలేదు.

"శ్రమేముంది? పరాయిదానిలా మాట్లాడతావేం!"

మాస్టారు కిటికీ వైపు తల తిప్పుకున్నారు.

అంతే, ఆ రోజు నుంచి ఆకులు తలుపు దగ్గరికే రావడం మొదలుపెట్టాయి. ఎర్రవి, గోధుమరంగువి, మచ్చలు తేలినవి. ఆడపడుచు శ్రద్ధగా ఏరి పంపేది. ఒక్కటి కూడా పురుగు తిన్నది ఉండేది కాదు. డ్రైవరు గంట కొట్టి సంచి ఇచ్చి వెళ్ళిపోయేవాడు. తలుపు మూసేముందు కత్తెరక్క అతని వెనక మెట్ల వంక చూసేది. అవి మలుపు తిరిగి కిందికి, ఇంకా కిందికి పోతూ ఉండేవి. తలుపు మూసి గడియ పెట్టేది. పలక ముందు కూర్చునేది. "తడుపు." తడిపేది. "ఆగు." ఆగేది. "ఇప్పుడు." రంగు వదిలేది. ఒక్కోసారి తన చెయ్యి తనది కాదనిపించేది. భుజం దగ్గర ఎవరో ఊడదీసి ఆయనకు తగిలించినట్టు, తను దాన్ని మోస్తూ పక్కన కూర్చున్నట్టు అనిపించేది.

ఇంకో నాలుగు బొమ్మలు, ఇంకో మూడు బొమ్మలు అని మనసులో అనుకుంటూ రోజులు నెట్టుకొచ్చింది. పుస్తకం పూర్తయితే అంతా అయిపోతుంది కదా అన్న ఆశ ఒక్కటే ఆమెను నిలబెట్టింది.

ఆ ఆశ కూడా ఒక మధ్యాహ్నం పోయింది. గంట మోగితే డ్రైవరనుకుని తలుపు తీసింది. మాస్టారి పుస్తకం అచ్చువేసే పబ్లిషరుగారు. చేతిలో పళ్ళూ, చంకలో ఒక పొట్లం.

"మాస్టారిని చూసి పోదామని వచ్చానమ్మా. ఎలా ఉన్నారు?"

లోపలికి వచ్చి, మాస్టారి ఎడమ చెయ్యి పట్టుకుని కుశలం అడిగారు. బల్ల మీద తడిగా ఉన్న బొమ్మ వంక చూశారు. గోడవారగా ఆరబెట్టిన వాటినీ చూశారు.

"ఇవన్నీ...?"

"నేనే వేస్తున్నానండీ. ఆయన చెబుతుంటే" అంది కత్తెరక్క. "మీ పుస్తకానికి మిగిలినవి. ఇంకొంచెమే ఉంది, ఆలస్యమవుతోందని ఏమనుకోకండి."

పబ్లిషరు ఆమె వంకా, మాస్టారి వంకా మార్చి మార్చి చూశారు. "పుస్తకానికా? పుస్తకం వచ్చేసిందిగా తల్లీ. ఆయన జబ్బుకు ముందు వేసినవి చాలు, వాటితోనే అచ్చేసేద్దామని వేసవిలోనే ఫోనులో చెప్పాను. సరేనన్నారు కూడా. ఈ కాపీలు ఇద్దామనే వచ్చాను." పొట్లం విప్పి అట్ట మెరుస్తున్న పుస్తకం బల్ల మీద పెట్టారు. గదిలో నిశ్శబ్దం ఆయనకు ఇబ్బందిగా తోచినట్టుంది. "ఇవి కూడా బాగున్నాయమ్మా, బాగున్నాయి" అన్నారు. చిన్నపిల్లలు గీసి చూపిస్తే అనే మాటలాగే ఉంది అది. టీ కూడా తాగకుండా లేచారు.

తలుపు మూసి వచ్చి కత్తెరక్క నిలబడే ఉంది. మాస్టారు బల్ల వంక చూస్తున్నారు. బల్ల మీద బొమ్మ తడి ఆరిపోతోంది.

"పలక వంచు. రంగు ఒకవైపే దిగుతోంది" అన్నారు.

"వంచను."

ఆయన తలెత్తారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట ఆమె నోటి వెంట విన్నది లేదు.

"వేసవిలోనే చెప్పారట. ఆకులింకా పచ్చగా ఉన్నప్పుడే. అయితే ఇదంతా దేనికి? నా మెడ దేనికి విరిగింది? ఈ కిటికీ ఎందుకు మూశాం? ఏమండీ, నోరు తెరిచి చెప్పండి, దేనికి?"

మాస్టారు చెంచా అందుకోబోయి మానేశారు. 

"నా చెయ్యి ఎత్తాలనుకుంటాను, లేవదు. కాలు జరపాలనుకుంటాను, జరగదు. నా ఒంట్లో నా మాట వినేది ఏదీ లేదు. నువ్వు కుంచె పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆగు అంటే ఆగుతుంది, కదులు అంటే కదులుతుంది. అది నా చెయ్యేనేమో అనిపిస్తుంది కాసేపు."

ఆమె చూపు తన కుడి చేతి మీదికి పోయింది.

"బొమ్మలు లేకపోతే నువ్వు వంటింట్లో ఉంటావు. అన్నం పెట్టేటప్పుడు వస్తావు, మందు ఇచ్చేటప్పుడు వస్తావు. బొమ్మ ఉంటే పూటంతా పక్కనే ఉంటావు."

"మరి కార్ఖానాకు పోతున్నానని తెలిసీ ఎందుకు వెళ్ళనిచ్చారు?"

"ఆకు వాడిపోతుందిగా" అన్నారు మాస్టారు. "చేతిలో ఆకు ఉంటే తొందరగా రావాలి. ఏదీ లేకుండా వెళ్ళావనుకో, ఎందుకు రావాలి?"

కత్తెరక్క కుర్చీలో కూలబడింది. ఏడుపు రాలేదు, కోపం కూడా పూర్తిగా రాలేదు. ఇన్నాళ్ళూ తను తప్పించుకుంటున్నాననుకున్న ఆ కాస్త దారినీ ఆయనే కొలిచి వదిలారన్నమాట. అటు చూస్తే, పడిపోయిన ఒంట్లో తలుపూ మెట్లూ కూడా లేకుండా కూర్చున్న మనిషి. ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు. లేచి తెర లాగేసింది, కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ఆరబెట్టిన కాగితాలు గాలికి రెపరెపలాడి గది నిండా చెదిరాయి. ఒక్కదాన్నీ ఆమె వంగి తీయలేదు.

"రేపటి నుంచి మధ్యాహ్నం దాకా పనికి వెళతాను" అంది. "నర్సమ్మగారిని అడుగుతాను, మీ దగ్గర కూర్చోమని."

"పరాయి మనిషి నాకు ముఖం కడుగుతుందా?"

"ముఖం నేనే కడిగి వెళతాను. ఆవిడ కూర్చుంటుంది, అంతే."

"నాకక్కర్లేదు. నేనొక్కణ్ణే ఉంటాను."

"ఒక్కరూ ఉంటే పడతారు. పడితే నేను చూడలేను. ఆవిడ ఉంటుంది, నేను వెళతాను. మీకు ఇష్టమైనా సరే, కష్టమైనా సరే."  ఆపకుండా అనేసింది.

ఆడపడుచుకు కబురు తెలిసి ఫోనులో అరగంట ఏడ్చింది. "అందరూ ఏమనుకుంటారు వదినా?" అంది. "అనుకోనీ అమ్మా. నువ్వు ఆకులు పంపడం మాత్రం ఆపెయ్, నీ పుణ్యముంటుంది" అంది కత్తెరక్క. ఆడపడుచు చిన్నబుచ్చుకుంది. కొన్నాళ్ళు ఫోను చెయ్యలేదు, తర్వాత తనే మళ్ళీ చేసింది.

మొదటి రోజుల్లో మాస్టారు పంతం పట్టారు. నర్సమ్మ ఇచ్చిన కాఫీ ముట్టలేదు, మాటకు జవాబివ్వలేదు. కత్తెరక్క వచ్చేసరికి ముఖం కందగడ్డలా పెట్టుకుని ఆకలితో కూర్చునేవారు. నర్సమ్మ మాత్రం చలించలేదు. "ఇలాంటి పంతాలు నా ఉద్యోగంలో గదికొకటి చూశాను. ఆకలి గట్టిపడితే పంతం మెత్తబడుతుంది" అని పేకముక్కలు తెచ్చుకుని ఒక్కతే ఆడుకునేది. కొన్నాళ్ళకు ఆయన ఎడమ చేత్తో ముక్క చూపించి "అది కాదు, ఇది వెయ్యి" అన్నారట. ఆవిడ వెయ్యలేదట. ఆయనకు కోపమొచ్చిందట. అప్పటి నుంచి ఇద్దరూ పోట్లాడుకుంటూ ఆడుతున్నారు.

కార్ఖానాలో మళ్ళీ కత్తెర పట్టిన రోజు గుండీలావిడ అందరికీ మిఠాయి పంచింది. మొదటి దొంతర కోస్తుంటే కత్తెరక్కకు ఆ పాత తేలిక వస్తుందనుకుంది. కొంచెం వచ్చింది, అంతే. మిషన్ల రొదలో ఎక్కడో టంగ్ మన్న చప్పుడు వినపడి ఉలిక్కిపడి ఆగింది. ఎవరిదో గుండీల డబ్బా కింద పడింది. "ఏంటక్కా, గీత తప్పింది!" అంది కొత్తావిడ ఆశ్చర్యంగా. నిజమే, తప్పింది. ఆ ముక్కను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. అన్నాల వేళ అందరూ నవ్వుతున్నా ఆమె కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. చేతిలో ఆకు లేదు, వాడిపోయేది ఏదీ లేదు. అయినా కాళ్ళు తొందర పెట్టాయి.

బొమ్మలు మళ్ళీ వేయలేదు. చెదిరిన కాగితాలను నర్సమ్మే ఏరి అలమార మీద పెట్టింది. ఆకులన్నీ రాలిపోయి చెట్లు బోడిగా నిలబడ్డాక, ఒక ఆదివారం మాస్టారు అడిగారు.

"ఒక్కటి వేద్దామా? ఊరికే. పుస్తకానికీ దేనికీ కాదు."

ఆమె చొక్కాలు మడత పెడుతోంది. వద్దనడానికి భయం వేసింది, సరే అనడానికి అంతకంటే భయం వేసింది.

"ఇవాళ వద్దండీ."

ఆయన ఆమె వంక చూశారు. "సరే" అన్నారు. ఆ మాట ఆయనకు అలవాటు లేనిది. పలకడానికి కొంచెం కష్టపడ్డారు.

మర్నాడు పని అయ్యాక కత్తెరక్క ఇంటికొచ్చింది. మెట్లన్నీ ఎక్కి తలుపు ముందు నిలబడి తాళంచెవి తీసింది. లోపల మాస్టారు, నర్సమ్మ ఏదో ముక్క మీద గొడవ పడుతున్నారు. ఆయన గొంతు పెద్దదిగా ఉంది. తన కోసం ఎదురుచూస్తున్నట్టు లేదు. ఆమె తాళంచెవిని రంధ్రంలో పెట్టి తిప్పకుండా ఆగింది. వెనక మెట్లు, ముందు తలుపు. ఈ రెండింటి నడుమ, మెట్ల గదిలో ఉన్న ఆ కాస్త చోటులో, ఎవరికీ తెలియకుండా కాసేపు నిలబడింది. చెప్పుల్లో కాళ్ళు నొప్పిపెట్టాయి. గోడకు ఆనుకుని, ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద బరువు వేసింది.

లోపల గ్లాసు మోగింది. ఈసారి నిజంగానే.

"వస్తున్నా" అంది కత్తెరక్క, తాళం తిప్పుతూ.